కుడుము ముక్కు మీది కుంకుమ

ఉద్యోగంలో చేరిన కొత్తలో మనిషికి తన తెలివి మీద ఉండే నమ్మకం ఆ తరువాత జన్మంతా మళ్ళీ రాదనుకుంటాను. ఇరవై నాలుగేళ్ళ వయసులో నాకు ఆ నమ్మకం దండిగా ఉండేది. నేపర్‌విల్‌లో అక్కావాళ్ళింట్లో ఒక గది ఆక్రమించుకుని, పొద్దున్నే రైలెక్కి చికాగోలో ఆఫీసుకు వెళ్ళి, సాయంత్రం వచ్చి అక్క వండింది తింటూ, సొంత కాళ్ళ మీద నిలబడ్డానని అందరికీ చెప్పుకునేవాణ్ణి. ఆఫీసులో నా పని ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు కనిపెట్టడం. (ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, తరువాత నన్ను చూసి నవ్వుకోవడానికి పనికొస్తుంది.)

ఆ ఇంట్లో నాకంటే ముందునుంచీ ఒక ఎలుక ఉండేది. నా మేనకోడలికి అప్పుడు తొమ్మిదేళ్ళు. కుక్కపిల్ల కావాలని అది పేచీ పెడితే అక్క ససేమిరా అంది, బేరాలు సాగి సాగి చివరికి ఎలుక దగ్గర తెగాయి. దానికి పీనట్ అని పేరు. ఆర్నెల్లు ఉండి వెళ్దామని ఇండియా నుంచి వచ్చిన అక్క అత్తగారు దాన్ని చూసిన మొదటిరోజు మోకాళ్ళ నొప్పులు మరిచిపోయి సోఫా ఎక్కారు. రెండోరోజు అది ఎవరి వాహనమో గుర్తు తెచ్చుకున్నారు. మూడోరోజుకు దాని పేరు కుడుముగా మార్చి, పంజరాన్ని పూజ అలమర పక్కకు జరిపించారు. అప్పటినుంచి పొద్దున్నే పూజ అవగానే ఉంగరపు వేలితో దాని నుదుట కుంకుమ బొట్టు పెట్టేవారు. అది వెంటనే ముందుకాళ్ళతో మొహం రుద్దుకునేది, సాయంత్రానికి ముక్కంతా ఎర్రగా అయ్యేది. వచ్చినవాళ్ళు ముచ్చటపడేవారు, మేనకోడలు మాత్రం గుడ్డ ముక్క తడిపి తుడిచేది.

ఆ వేసవిలో అక్కా బావా కూతుర్ని తీసుకుని కొండలూ వేడినీటి బుగ్గలూ చూడటానికి పదిరోజులు కారులో బయల్దేరారు. మోకాళ్ళ వల్ల అత్తయ్యగారు, సెలవు దొరకక నేను ఇంట్లో మిగిలిపోయాం. బయల్దేరే ముందు మేనకోడలు ఒక కాగితం తెచ్చి ఫ్రిజ్ మీద అంటించింది.

"మామయ్యా, ఇది మొత్తం చదువు. పీనట్‌కి టూ అండ్ హాఫ్ ఇయర్స్. రాట్స్‌కి అంటే అది బామ్మ కంటే ఓల్డ్. నేను వచ్చేసరికి పీనట్ ఉండాలి. ప్రామిస్ చెయ్యి."

చేతిలో చెయ్యి వేసి ప్రామిస్ చేశాను. కాగితంలో మొదటి రెండు లైన్లు, తిండీ నీళ్ళూ, చదివాను. అలాంటి కాగితాలు ఆఫీసులో రోజుకు పాతిక చదివేవాణ్ణి, అంటే చదివినట్టు తలూపేవాణ్ణి.

మూడోరోజుకు కుడుము తిండి తగ్గించింది. పిల్ల మీద బెంగ పెట్టుకుందని అత్తయ్యగారు తేల్చారు, నేనూ సరేనన్నాను. నాలుగోరోజు ఒళ్ళంతా బొచ్చు నిక్కబొడుచుకుని ముడుచుకు కూర్చుంది. ఏసీ చలి కాబోలని నా ఉన్ని సాక్సు ఒకటి కప్పాను. అయిదోరోజు నేను బ్యాగు తగిలించుకుని గుమ్మం దాటబోతుంటే పంజరంలోంచి తుమ్మింది. "ఆగు నాయనా, ఒక్క నిమిషం కూర్చుని నీళ్ళు తాగి వెళ్ళు" అన్నారు అత్తయ్యగారు. కూర్చున్నాను, తాగాను, రైలు పోయింది. ఆరోరోజూ తుమ్మింది, ఆరోరోజూ రైలు పోయింది. ఆలస్యం ఎందుకైందని మేనేజర్ అడిగితే ఎలుక తుమ్మిందని చెప్పలేక ట్రాఫిక్ అన్నాను. (రైలుకు ట్రాఫిక్ ఏమిటని ఆయన అడగలేదు, మర్యాదస్తుడు.) ఆ తుమ్ము నాకేం కీడు తెస్తుందోనని ఇద్దరం ఆలోచించాం గాని, తుమ్మినదానికి ఏమైందని ఒక్కరమూ ఆలోచించలేదు.

దీనికి తోడు ముక్కు దగ్గర ఎరుపు. రోజూ పొద్దున్నే పంజరంలో చెయ్యిపెట్టి తడి టిష్యూతో తుడిచేవాణ్ణి, మర్నాటికి మళ్ళీ ఉండేది. పెద్దావిడ భక్తికి అడ్డు చెప్పడం ఎందుకని ఊరుకున్నాను. ఏడోరోజు శనివారం. ఇంట్లోనే ఉన్నాను కనుక తీరిగ్గా చూస్తే కుడికంటి చుట్టూ కూడా ఎర్రటి వలయం ఉంది. ఇక లాభం లేదని ధైర్యం చేశాను.

"అత్తయ్యగారూ, బొట్టు నుదుటి మీద పెడితే చాలేమోనండీ. కంటి దగ్గర మంట పుడుతుంది పాపం."

ఆవిడ పప్పు గిన్నె కింద పెట్టి నావైపు వింతగా చూశారు. "నేను పెట్టి వారమైంది నాయనా. పిల్ల లేనప్పుడు దాన్ని ముట్టుకోవాలంటే నాకు భయం. రోజూ పొద్దున్నే నువ్వు అందులో చెయ్యి పెడుతుంటే నువ్వే పెడుతున్నావనుకున్నాను. కుర్రాడికి భక్తి కుదిరిందని సంతోషించాను."

ఇద్దరం ఒకేసారి ఎలుక వైపు తిరిగాం. తరువాత నేను ఫ్రిజ్ దగ్గరికి పరిగెత్తాను. మూడో లైను, కింద రెండు గీతలు గీసి మరీ ఉంది: ముక్కు, కళ్ళ చుట్టూ ఎర్రగా ఉంటే అది రక్తం కాదు గాని జబ్బుకు గుర్తు, తుమ్మినా జబ్బే, ఆగకుండా డాక్టరుకు ఫోన్ చెయ్యాలి. తప్పులు పట్టడానికి జీతం తీసుకునేవాణ్ణి వారంరోజులపాటు తప్పును టిష్యూతో తుడుస్తూ కూర్చున్నాను. నిజంగా సిగ్గేసింది, భయం కూడా వేసింది.

ఎలుకల్ని చూసే డాక్టర్లు అన్నిచోట్లా ఉండరు. నాలుగో ఫోన్‌కి ఒకావిడ రమ్మంది. చెప్పుల డబ్బాలో సాక్సు పరిచి కుడుమును పడుకోబెట్టాం, అత్తయ్యగారు తానూ వస్తానని డబ్బా ఒళ్ళో పెట్టుకుని కారులో కూర్చున్నారు. డాక్టరు దాని గుండెల మీద స్టెతస్కోప్ ఆనించి చాలాసేపు విన్నది. ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్ అనీ, బాగున్న ఎలుక తన మొహం తనే శుభ్రం చేసుకుంటుందనీ, ఒంట్లో బాగోనప్పుడు కళ్ళ వెనకనుంచి ఊరే ఆ ఎరుపు అలాగే మిగిలిపోతుందనీ చెప్పింది. ముసలి ప్రాణం కనుక గట్టిగా ఏమీ చెప్పలేనంది. చివర్లో పంజరం దగ్గర పొగ, ఇన్సెన్స్ లాంటివేమైనా ఉన్నాయా అని అడిగింది. నేను తెలుగులో చెప్పకుండా దాటేద్దామనుకున్నాను.

"అగరొత్తుల గురించేనా అడుగుతోంది?" అన్నారు అత్తయ్యగారు.

అవునన్నాను. ఇంటికి రాగానే ఆవిడ అలమరలోని అగరొత్తుల పెట్టెలూ సాంబ్రాణీ కవర్లో వేసి ముడేసి నాకిచ్చారు.

"గరాజ్‌లో పెట్టెయ్. పొగ లేకపోతే దేవుడికి గడుస్తుంది. దీనికి గడవదు."

ఇక అప్పటినుంచి ఆ ఇల్లు ఆస్పత్రి అయింది. మందు రెండుపూటలా ఇవ్వాలి, పాలూ పెరుగూ కలవకూడదు. పెరుగన్నంలో పెడదామనుకున్న అత్తయ్యగారు కాస్త నిరాశపడి అరటిపండులోకి దిగారు. చీర కొంగులో దాన్ని పొదువుకుని, వేలిచివరతో దాని నోటికి అందిస్తూ, అచ్చం మనవరాలితో మాట్లాడినట్టే మాట్లాడేవారు. ముట్టుకోవాలంటే ఉన్న భయం ఎటుపోయిందో మరి. ఎక్కే ఓపిక దానికి లేదని నేను పంజరంలో అరలు కిందికి దించాను, రోజూ బరువు చూశాను. (అక్క పిండి కొలిచే తూకం మీదే. అక్కా, ఇది చదువుతుంటే క్షమించు, తరువాత మూడుసార్లు కడిగాను.) సోమవారం నేను బయల్దేరుతుంటే కుడుము తుమ్మింది. అత్తయ్యగారు నావైపు చూడనైనా చూడలేదు. "నువ్వు వెళ్ళు, నీకేం కాదు" అని పంజరం దగ్గరికి నడిచారు.

మేనకోడలు చెప్పులు కూడా విప్పకుండా లోపలికి దూసుకొచ్చేసరికి కుడుము చిక్కిపోయి ఉంది గాని, ఉంది. మెల్లగా ముందుకొచ్చి మేనకోడలి వేలు వాసన చూసింది. పిల్ల మందు సీసా చూసి నావైపు తిరిగింది.

"పేపర్ చదివావా?"

"చదివాను."

"ఎప్పుడు?"

నేను మందు సీసా తీసి మూత బిగించాను. పిల్ల వెళ్ళి బామ్మను కావలించుకుంది, నా వంతు రాత్రి భోజనాల తరువాత వచ్చింది.

కుడుము చెట్ల ఆకులు రంగు మారేదాకా బతికి, ఒక మధ్యాహ్నం పిల్ల ఒళ్ళోనే వెళ్ళిపోయింది. అత్తయ్యగారు ఆరోజు అన్నం తినలేదు. పంజరం గరాజ్‌లో పెట్టేశాక ఫ్రిజ్ మీది కాగితం తీస్తుంటే దాని వెనక కూడా ఏదో కనిపించింది. ఆదివారం క్లాసులో నేర్చుకున్న వంకర తెలుగు అక్షరాలు: "మామయ్యా, నేను లేనప్పుడు పీనట్ చచ్చిపోతే నీ తప్పు కాదు. ఓల్డ్ కదా. కానీ అప్పుడు ఎత్తుకో. ఒక్కదాన్నే ఉంచకు."

నాచేత ప్రామిస్ చేయించుకున్న పిల్ల, నేను ఓడిపోయినా ఫరవాలేదని వెనకవైపు ముందే రాసిపెట్టింది. ఆ సంగతి నాకు మూడునెలలకు గాని తెలియలేదు. ఇప్పుడు నా కింద పదిమంది తప్పులు పట్టేవాళ్ళు పనిచేస్తున్నారు. ఏ కాగితం ఇచ్చినా నేను చివరిదాకా చదివి, ఒకసారి వెనక్కి తిప్పి చూస్తానని వాళ్ళు చాటుగా నవ్వుకుంటారు. వెనక ఎప్పుడూ ఏమీ ఉండదు. అయినా తిప్పుతూనే ఉంటాను.