మూడో స్తంభం మీద ఒక అభిప్రాయం

ఆ గ్రంథాలయంలో అందరూ ఆవిడను అట్టలత్తయ్య అనే పిలుస్తారు. చిరిగిన పుస్తకాలు కుట్టి కొత్త అట్టలు వేయడం ఆవిడ పని. మెట్ల కింద ఇరుకు గది, ఒక బల్ల, జిగురు డబ్బా, మైనం రుద్దిన దారం, మూడు సూదులు. ముప్ఫై ఏళ్లుగా అదే ఆవిడ రాజ్యం. ఎంత పెద్ద అధికారి అయినా ఆ గదిలోకి తల వంచే రావాలి, గుమ్మం అంత పొట్టిది మరి.

ఒకప్పుడు అక్కడ ప్రతి పుస్తకం చివరా ఒక తెల్లకాగితం అంటించి ఉండేది. చదివినవాళ్లు అందులో తమ అభిప్రాయం రాయాలి. పాత లైబ్రేరియన్ గారు పెట్టిన పద్ధతి అది. నవలల వెనక ఎవరూ పెద్దగా రాసేవారు కాదు. చరిత్ర పుస్తకాల వెనకైతే, అబ్బో, జాగా చాలేది కాదు. "యుద్ధాలు బాగున్నాయి, రాజుగారికి పెళ్లిళ్లే మరీ ఎక్కువయ్యాయి" అని ఒకరు రాస్తే, "మధ్యలో మీకెందుకండీ కడుపుమంట?" అని దాని కింద ఇంకొకరు. "రచయిత ఆ కోట ఎక్కినట్టు లేదు. మెట్లు నూట ఆరు, నేను లెక్కపెట్టాను" అని ఒక పోస్ట్‌మ్యాన్. తిట్టుకున్నా ఎంత ముచ్చటగా తిట్టుకునేవారో! ఇప్పుడు ఎవరికుంది ఆ ఓపిక? అత్తయ్య ఆ కాగితాలు చదువుతూ కూర్చుంటే పక్కన జిగురు ఎండిపోయేది.

అయితే అన్నేళ్లూ ఆవిడ వెతికింది మాత్రం ఒక్క కాగితం కోసమే.

ఆవిడ తండ్రి తాపీమేస్త్రి. ఏటి మీద పెద్ద వంతెన కట్టినవాళ్లలో ఒకడు. ఆ వంతెన చరిత్ర మీద బొమ్మలతో ఒక పుస్తకం వస్తే ఊరంతా ఎగబడి చదివింది. మేస్త్రికి చదువు రాదు. పదేళ్ల కూతురు సాయంత్రాలు గుమ్మంలో కూర్చుని చదివి వినిపించేది. ఇంజినీరు గారి తెలివితేటల గురించి వచ్చినప్పుడల్లా "కోస్తున్నాడమ్మా కోతలు" అని నవ్వేవాడు. మూడో స్తంభం దగ్గర మాత్రం నవ్వలేదు. ఎవరికీ చిన్న గాయమైనా కాకుండా పని పూర్తయిందని రాసి ఉందక్కడ. మళ్లీ చదవమన్నాడు. చదివింది. ఆయన లేచి పెరట్లోకి వెళ్లి, ముఖం కడుక్కుని వచ్చాడు.

మర్నాడు ఉతికిన చొక్కా వేసుకుని, కూతుర్ని వెంటబెట్టుకుని గ్రంథాలయానికి వెళ్లాడు.

"రాయి తల్లీ," అన్నాడు. "మూడో స్తంభం దగ్గర పరంజా విరిగి మా జట్టు పొడుగోడు ఏట్లో పడిపోయాడు. నేను పక్కనే ఉన్నాను. చెయ్యి అందలేదు. ఈ పుస్తకంలో వాడు లేడు."

పిల్ల పెన్ను పట్టుకుని తలెత్తి చూసింది. పుస్తకం రాసినాయన ఊళ్లో పెద్దమనిషి, ఆయన ఫొటో ఎదురు గోడకే వేలాడుతోంది. దాని కింద "మర్యాదగా రాయవలెను" అని బోర్డు. ఈ మాటలు రాస్తే నాన్నను ఎవరు ఏమంటారోనని భయం. "పుస్తకం చాలా బాగుంది. బొమ్మలు కూడా బాగున్నాయి" అని రాసి ఊరుకుంది. ఏదీ చదువు అంటే, కాగితం వంక చూస్తూ నాన్న చెప్పిన మాటలే గడగడా అప్పజెప్పింది. ఆయన తృప్తిగా తలూపి, పెన్ను తీసుకుని కింద తాపీ బొమ్మ గీశాడు. అదే ఆయన సంతకం.

ఇక అక్కణ్ణుంచి బతికినన్నాళ్లూ ఉన్నట్టుండి అడిగేవాడు, "మన మాట ఎవరైనా చదివారా తల్లీ?" అని. "చదివారు నాన్నా" అనేది. అన్న ప్రతిసారీ ఆవిడకు అన్నం సయించేది కాదు. వెళ్లి దిద్దుదామనే ధైర్యం వచ్చేసరికి పుస్తకమే లేదు, ఎవరో తీసుకెళ్లి తిరిగివ్వలేదు. తర్వాత అక్కడే పనికి చేరినా అది కంటపడలేదు. ఈలోగా మేస్త్రి వెళ్లిపోయాడు.

మొన్న కొత్త లైబ్రేరియన్, ఇంకా ముప్ఫై దాటని పిల్ల, ఒక పుస్తకాల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టింది. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ పంపారట. అన్నింటికీ అట్టలు వేసెయ్యమనీ, వెనక ఆ గీతల కాగితాలు చూడ్డానికి బాగోలేవు కాబట్టి చింపెయ్యమనీ చెప్పి వెళ్లింది. పైనుంచి రెండోది వంతెన పుస్తకం.

అత్తయ్య చివరి కాగితం తిప్పింది. తన గుండ్రటి అక్షరాలు. తాపీ బొమ్మ. దాని కిందే పాత లైబ్రేరియన్ గారి చేతిరాత: "పై మాటలు పాపవి. మేస్త్రి గారు వెళ్తూ నాకు కూడా చెప్పిన మాటలు ఇవి." ఆ తర్వాత పరంజా, ఏరు, అందని చెయ్యి, అన్నీ ఉన్నాయి. ఒక్క ముక్క పొల్లుపోలేదు.

ఇంత తెలిసీ తనను ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు ఆ మహానుభావుడు. ఈ ఉద్యోగం ఇప్పించింది కూడా ఆయనే.

దాని కింద ఇంకా ఉన్నాయి. ఇంజినీరు గారి మీద బురద చల్లకండని ఒకరు. చల్లడం కాదు, నేను ఆరోజు ఒడ్డునే ఉన్నానని మరొకరు. అన్నింటికంటే కింద, వంకర గీతలతో: "ఆ పొడుగాయన మా అన్న. పుస్తకం మొత్తంలో ఆయన ఉన్నది ఈ కాగితం మీదే. అందుకే ఇది తిరిగి ఇవ్వను. క్షమించండి."

అత్తయ్యకు ఏడుపు ఆగలేదు. బల్ల మీద తల పెట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది.

సాయంత్రం వచ్చిన లైబ్రేరియన్‌తో, "ఇది చింపను తల్లీ, మా నాన్నది" అని ఆ కాగితం దగ్గర పుస్తకం తెరిచి చేతికిచ్చింది. ఆ పిల్ల నిలబడే చదివింది. చదివి, స్టూలు లాక్కుని కూర్చుంది. "దీన్ని ముందు పెడితే ఎలా ఉంటుంది అత్తయ్యా, మొదటి పేజీకి ముందు?" అని అడిగింది.

అత్తయ్య జిగురు డబ్బా పక్కకు నెట్టింది. జిగురు ఎప్పటికైనా ఊడుతుంది. సూదిలోకి దారం రెండు పేటలుగా ఎక్కించి, కాగితాన్ని చిరగకుండా ఊడదీసి, ముందు పెట్టి కుట్టడం మొదలుపెట్టింది. ముడి బిగించి, దారం పళ్లతో కొరికి, తాపీ బొమ్మ మీద వేలు ఆనించింది.

"చదివారు నాన్నా," అంది.