వాకిట్లో పాతర

బుజ్జమ్మా, మొన్నటి గాలివానకు గోడ కూలి నీ తమ్ముడు పోయినప్పటి నుంచి నాకు ఎవరి మాటా నమ్మబుద్ధి కావడం లేదు. ఈ రోజు తాలూకా కచేరీ నుంచి అమల్దారు మన ఊరికి వచ్చాడు. తడిసిన ధాన్యానికి బదులు సర్కారు రాగులు ఇస్తుందని, నేలలో ధాన్యం దాచిన పాతరలు చూపించమని అడిగాడు. పోయినేడు సర్కారు లెవీ ధాన్యం వసూలుకు వచ్చినవాళ్లు కూడా ఇలాగే తియ్యగా మాట్లాడి, నేలను కర్రతో పొడిచి చూసి, దొరికిందంతా బండ్లకెత్తుకుని పోయారు కదా! అందుకే ఊరంతా లేదనే చెప్పింది. పక్కింటి సుబ్బక్క అయితే, "పాతరంటే ఏంది సామీ?" అని అడిగింది.

బంట్రోతు కర్ర పట్టుకుని మన వాకిట్లోకి వచ్చాడు. నేను వెళ్లి పాతర మూత మీద నిలబడ్డాను.

"ఈడ పొడవద్దప్పా! నా కొడుకు ఈడే పోయినాడు."

వాడు పోయింది పెరటి గోడ కింద. చచ్చిన బిడ్డను అడ్డం పెట్టుకుని రాగులు దాచుకున్నాను. అమల్దారు చెప్పులు విడిచి, చేతులు జోడించి, బంట్రోతును వెనక్కి పిలిచాడు. వెళ్లేముందు నా దగ్గర ఆగి మెల్లగా అన్నాడు.

"తల్లీ, పులిసిన వాసన వస్తా ఉండాది. రేపు ఎండలో తీసి ఆరబోసుకో."

మంచివాడో, ఆరబోశాక బండ్లు తెస్తాడో తెలియదు. తీస్తే అందరికీ కనబడుతుంది, ఉంచితే కుళ్లిపోతుంది. మీ నాయన తీద్దామంటున్నాడు. నువ్వేమంటావో ఈ ఉత్తరం తెచ్చిన మీ మేనమామతో చెప్పి పంపు. వట్టి మనిషివి కావు, కడుపు నిండా తిను.