సిస్టర్ ఫినౌని పోగొట్టుకున్న మధ్యాహ్నం

ఈ సంగతి నా డైరీలో కూడా రాయలేదు. దుమ్ము పడదు, తుమ్ములొస్తాయి అని ఇంట్లో చెప్పి ఆ మూడు రోజులూ ముఖానికి చున్నీ చుట్టుకుని తిరిగానే, అది పచ్చి అబద్ధం. నాకు ఏ తుమ్ములూ లేవు. సిస్టర్ ఫినౌ పక్కన నడుస్తుంటే తెలిసినవాళ్లు ఎవరైనా చూస్తారేమోనని సిగ్గు, అంతే. ఆ సిగ్గు ధర్మమా అని, సముద్రాలు దాటి వచ్చిన ఒక నిండు మనిషిని దిల్‌సుఖ్‌నగర్ మెట్రో కింద, పట్టపగలు, గొడుగు పోగొట్టుకున్నంత సులువుగా పోగొట్టుకున్నాను.

ముందు ఆవిడెవరో చెప్పాలి. మాది మోర్మన్ చర్చి. అందులో కొందరు పెళ్లికాని అమ్మాయిలు ఏడాదిన్నర పాటు ఇల్లు వదిలి, ఎక్కడికి పంపితే అక్కడికి మిషనరీలుగా వెళ్తారు. తెల్లవారుజామునే లేవాలి, చదువుకోవాలి, రమ్మన్న ఇళ్లకు వెళ్లి పాఠం చెప్పాలి. చాయ్, కాఫీ ముట్టకూడదు. అన్నిటికన్నా గట్టి నియమం ఇంకొకటుంది. ఎప్పుడూ ఇద్దరు కలిసే ఉండాలి. ఒకరికొకరు కనబడుతూ, వినబడుతూ ఉండాలి. స్నానాల గదికి తప్ప దీనికి మినహాయింపు లేదు. ఆ రెండో మనిషిని కంపానియన్ అంటారు.

సిస్టర్ ఫినౌ టోంగా దీవుల అమ్మాయి. ఆరడుగుల ఎత్తు, ఆ ఎత్తుకు తగ్గ నవ్వు. ఆమె కొత్త కంపానియన్ రావడం మూడు రోజులు ఆలస్యమైంది. అంతవరకూ ఇక్కడి అమ్మాయి ఎవరైనా తోడుండాలి. మా చర్చిలో ఈ ఏర్పాట్లన్నీ చూసే సుజాతక్క నేరుగా మా ఇంటికే వచ్చింది.

"మూడు దినాలే గదనే. ఆమెను ఇడిచిపెట్టకుండ పక్కన ఉంటే సాలు. నువ్వు గూడ మిషన్‌కు పోతా అంటివి, ఎట్లుంటదో సూస్కున్నట్టుంటది."

అంటిని, నిజమే. దరఖాస్తు ఫారం సగం నింపి సొరుగులో పెట్టి చాలా కాలమైంది. నాలాంటిది ఆ పనికి పనికొస్తుందా అన్నదే తేలలేదు. కొత్తవాళ్లను చూస్తే నా నాలుక అంగిలికి అతుక్కుపోతుంది. 'ఇక్కడ ఆపండి' అని ఆటో అన్నతో అనలేక రెండు సందులు అవతల దిగి వెనక్కి నడిచిన మనిషిని నేను. ఈ మూడు రోజుల్లో తేలిపోతుందిలే అనుకుని ఒప్పుకున్నాను.

మొదటి రెండు రోజులూ బాగా గడిచాయి. ఎందుకంటే నేను ఒక్క మాటా మాట్లాడలేదు. చూశాను, రాసుకున్నాను. ఆవిడ ఉన్న రెండు స్కర్టులనూ పెళ్లిబట్టల్లా ఇస్త్రీ చేసుకుంటుంది. ప్రార్థనలో తన దీవిలోని చెల్లెళ్లతో పాటు మా సందు కుక్కను కూడా తలుచుకుంటుంది. అందరినీ ఇంటిపేర్లతోనే పిలుస్తుంది కాబట్టి నేను సిస్టర్ పిట్టల. వచ్చిన తెలుగు యాభై ముక్కలే, అదీ కూరగాయల బండ్ల దగ్గర నేర్చుకున్నది. దారిన పోయే ప్రతి మనిషినీ "అన్నా, బాగున్నవా? అక్కా, తిన్నవా?" అని పలకరిస్తుంది. ఆవిడ పలకరించినప్పుడల్లా నేను చున్నీ ఇంకొంచెం పైకి లాక్కునేదాన్ని.

మూడో రోజు మధ్యాహ్నం ఎల్‌బీ నగర్‌లో ఒకావిడ పాఠానికి రమ్మంది. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కాలి. స్టేషన్ మెట్ల పక్కన పాత పుస్తకాల బండి ఉంది. ఇక్కడ నా గురించి ఇంకో నిజం చెప్పాలి. పాత పుస్తకం కనబడితే నాకు చెవులు మూసుకుపోతాయి. సిస్టర్ ఫినౌ అటు తిరిగి పూల గంపను చూస్తోంది కదా, అర నిమిషమే కదా అని ఒక పుస్తకం తెరిచాను. తలెత్తేసరికి నాలుగో అధ్యాయంలో ఉన్నాను. సిస్టర్ లేదు.

"అన్నా... ఇక్కడ పొడుగ్గా..." అన్నాను బండి అన్నతో.

"ఆ ఫారిన్ మేడమా? గిప్పుడే నీతోని మెట్లెక్కి పాయె గద!"

"నేను ఇక్కడే ఉన్నా కదా!"

అతను నన్ను కిందికీ పైకీ చూశాడు. "మరి గదే సుక్కల చున్నీ మొఖానికి కట్టుకున్న పిల్ల ఎవలు?"

నా ముఖం మీది చున్నీ తడుముకున్నాను. నీలం మీద తెల్ల చుక్కల చున్నీ. ఈ ఊళ్లో ప్రతి నాలుగో అమ్మాయి ముఖానికీ అదే. కళ్లు తప్ప ఏమీ కనబడవు. పాపం సిస్టర్ ఫినౌ, కంపానియన్‌ని వదలకూడదన్న నియమానికి కట్టుబడి, ఎవరో తెలియని అమ్మాయి వెంట బుద్ధిగా వెళ్లిపోయింది.

ఫోన్ చేద్దామంటే ఆవిడ ఫోన్ చార్జింగ్ అవుతూ నా సంచిలోనే ఉంది. సుజాతక్కకు చెబితే? 'పక్కన ఉంటే సాలు' అన్న పని కూడా చేతకాలేదని తేలుతుంది. పరదేశంలో ఒంటరిగా ఆవిడకేమైనా అయితే? ఏడుపు తన్నుకొచ్చింది.

పూలమ్మే పెద్దమ్మ అడిగింది. "ఏమాయె బిడ్డా?"

"నాతో ఉన్నామె తప్పిపోయింది, పెద్దమ్మా."

"అయ్యో! ఎంత పిల్ల?"

"ఆరడుగులుంటుంది."

"ఆరడుగుల మనిషి ఎట్ల తప్పిపోతదే! జర కూసో. చాయ్ చెప్తా, తాగు."

"మేం చాయ్ తాగం."

"గందుకే తప్పిపోతున్నరు."

కూర్చోలేదు. మెట్ల దగ్గరి సెక్యూరిటీ అన్నను అడిగాను. చెప్పుల కొట్టాయనను, జామకాయలామెను, వరసగా నిలబడ్డ ఆటోల వాళ్లందరినీ అడిగాను. అందరూ ఆవిడను చూశారు, అందరినీ ఆవిడ తిన్నారా అని అడిగింది. మెట్లెక్కాక ఎటు పోయిందో మాత్రం ఎవరికీ తెలియదు. ఈలోగా సంచిలో ఆవిడ ఫోన్ మోగింది. తెలియని నంబరు. తెలియని నంబరంటే నాకు పాము పిలిచినట్టు ఉంటుంది. కట్ చేశాను. మళ్లీ మోగింది. మళ్లీ కట్ చేశాను. మూడోసారి మోగేసరికి పూల పెద్దమ్మ దగ్గరికి తిరిగొచ్చాను.

"ఎత్తవేందే! ఇటియ్యి." లాక్కుని తనే ఎత్తింది. "హలో, ఎవలు? ... ఆఁ, మా కాడ్నే ఉంది, ఏడ్వబట్టింది. ... ఎల్‌బీ నగరా? పంపుతున్న, ఆడ్నే ఉండుండ్రి."

ఎల్‌బీ నగర్ స్టేషన్‌లో దిగేసరికి ఒక బల్ల మీద ఇద్దరూ కూర్చుని ఉన్నారు. చున్నీ విప్పేసిన ఆ అమ్మాయి చేతిలో ఊరికి పోయే పెద్ద బ్యాగు. ఆ బ్యాగు పట్టీని రెండు చేతులా పట్టుకుని సిస్టర్ ఫినౌ.

"మీరేనాండీ?" ఆ అమ్మాయి లేచి నిలబడింది. "బండెక్కిన దగ్గర్నుంచీ వాళ్ల చెల్లెళ్ల గురించి ఒకటే కబుర్లంట! నా చెవుల్లో ఇయర్‌ఫోన్సు, నాకేం వినబడలేదు. ఇక్కడ దిగి నీళ్లు తాగుదామని చున్నీ తీశానండీ, కెవ్వుమని అరిచింది. నేను కూడా అరిచాను!"

"మరి వెంటనే వచ్చేయాల్సింది కదండీ..."

"ఎలా వస్తానండీ? ఈవిడ చెప్పిన నంబరుకు చేస్తే మీరు ఫోన్ ఎత్తరు! సరే వదిలేసి పోదామంటే ఈవిడ పోనివ్వదు. ఒక్కత్తే ఉండకూడదంట, మీరొచ్చేదాకా నేనే కంపానియన్నంట! భీమవరం బస్సు కళ్లముందే వెళ్లిపోయింది."

చేతులు జోడించాను. తర్వాతి బస్సుకు ఆ అమ్మాయి పరుగెత్తుతుంటే సిస్టర్ ఫినౌ వెనక నుంచి "అక్కా, పైలం!" అని కేకేసింది.

ఇద్దరం మిగిలాం. తల దించుకుని అన్నాను, "నేను ఈ పనికి పనికిరాను సిస్టర్. పక్కనున్న మనిషినే పోగొట్టుకున్నాను."

ఆవిడ కోప్పడలేదు. ఎంతో ఆసక్తిగా, ఇంగ్లీషులో ఒక్కటే అడిగింది. "నన్ను వెతకడానికి ఎవరెవరితో మాట్లాడావు?"

చెప్పాను. పుస్తకాల అన్న, పూల పెద్దమ్మ, సెక్యూరిటీ, చెప్పుల కొట్టు, జామకాయలు, ఆటోలు. ఆవిడ వేళ్లు మడుస్తూ పోయింది. రెండు చేతులూ అయిపోయాయి.

"నేను పక్కనున్నప్పుడు?"

ఒక్క వేలు కూడా మడవాల్సిన పని లేకపోయింది. ఆవిడ నవ్విన నవ్వుకు ప్లాట్‌ఫారం మీద జనమంతా మా వైపు తిరిగారు. అప్పుడు నా ముఖానికి చున్నీ లేదని కూడా నేను గమనించలేదు.

ఫారం ఆ వారమే నింపి ఇచ్చేశాను. కాబట్టి మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఆరడుగులు, ఆపైన ఎత్తున్న ఏ మనిషినీ దిల్‌సుఖ్‌నగర్‌లో పోగొట్టుకోను. పొట్టివాళ్ల విషయంలో మాత్రం హామీ ఇవ్వలేను.

ఆవిడ తప్పిపోయిన మర్నాడే అసలు కంపానియన్ వచ్చింది. అప్పగింతలయ్యాక సిస్టర్ ఫినౌ మా గేటు దాకా వెళ్లి ఆగింది. యాభై తెలుగు ముక్కల్లోంచి వెతికి వెతికి ఏరుకుని, వెనక్కి తిరిగి అడిగింది.

"సిస్టర్ పిట్టల, నేను మళ్ల ఎప్పుడు తప్పిపోవాలె?"