దుర్గి నుంచి నర్సరావుపేట కోత మిల్లు దాకా

చిన్నయ్యా, నువ్వు పనిచేసిన చోటు చూసొచ్చానురా. నువ్వుండగా ఒక్కసారీ రాలేకపోయాను. చదివేవారికి చెప్పాలి, చిన్నయ్య నా కొడుకు. జ్వరంతో పోయి మూడు నెలలైంది. వాడు పనిచేసిన మిల్లు మూసేస్తారని మా ఊళ్లో అనుకున్నారు. యుద్ధం మూలంగా ఇంజనుకు నూనె కొలిచి ఇస్తున్నారట, చాలడం లేదట. అది మూతబడితే వాడు పడ్డ పాటంతా వాడితోనే పోతుందని నా బెంగ. వాడి బట్టల పెట్టె తెచ్చుకునే వంకతో బయలుదేరాను.

దుర్గిలో తొలికోడి కూసే వేళకు బండెక్కితే మాచర్లలో పొద్దుటి రైలు అందుతుంది. బండికి ఆరణాలు, పిడుగురాళ్ల దాకా రైలుకు ఎనిమిదణాలు. అక్కడి నుంచి బొగ్గుతో నడిచే బస్సు, పది అణాలు. నకరికల్లు దగ్గర బస్సాపి, పొయ్యిలో బొగ్గు పోసి చానాసేపు ఊదారు. ఎందుకింత ఆలస్యమని అడిగితే, అలక తీర్చడానికి తన పెళ్లాం దగ్గర కూడా ఇంత ఊపిరి ఖర్చు పెట్టనన్నాడు డ్రైవరు. మూడు నెలల్లో మొదటిసారి నవ్వాను.

పదకొండింటికి మిల్లు చేరాను. ఇంజను చప్పుడు లేదు. మూసేశారనుకుని గేటు దగ్గరే కూలబడ్డాను. నేనెవరో చెప్పగానే ముసలి మేస్త్రి కూర్చోడానికి చెక్క తెచ్చి వేశాడు.

"మూసెయ్యలేదమ్మా. రంపం మారుస్తన్నాం. మీవోడు చెప్పిన పనే."

మునుపు పొద్దుట బిగించిన రంపం సాయంత్రం దాకా తిరిగేదట. అన్నం వేళ తప్ప ఇంజను ఆపితే నష్టమని యజమాని ఒప్పుకునేవాడు కాదు. మాది రాళ్లు చెక్కే ఇల్లు. పదును పెట్టని ఉలిని చిన్నయ్య వాళ్ల నాన్న రాయి మీద ఆనించడు. అది చూసి పెరిగిన పిల్లాడు కదా, ఇంజను మూలుగు వినే రంపం మొద్దుబారిందని, నూనె దండగ అవుతోందని చెప్పేవాడట. చెప్పినందుకు తిట్లు తిన్నాడు. అప్పటినుంచి అందరూ అన్నానికి లేచినప్పుడు తనొక్కడే ఆకురాయి పట్టుకుని రంపం పళ్లు రాసి పదును పెట్టేవాడట.

"మరి వాడెప్పుడు తినేవాడు నాయనా?" అన్నాను.

మేస్త్రి తల వంచుకున్నాడు. "పూటకూళ్లింటి అన్నం సాయంత్రానికి పులిసిపోయేదమ్మా."

వాడు పోయిన వారానికే, పదును పెట్టేవాడు లేక నూనె ముందుగా అయిపోయిందట. అప్పుడు యజమానికి తెలిసొచ్చి రెండో రంపం కొన్నాడు. ఒకటి కోస్తుంటే ఇంకొకదానికి పదును పెడతారు. ఇప్పుడు అదే పీపా నూనె నాలుగు రోజులు ఎక్కువ వస్తోంది, మిల్లు మూసే మాట లేదు. యజమాని నా ఎదుటికొచ్చి, ఆ పిల్లాడి మాట అప్పుడే వినాల్సింది అన్నాడు. పెద్దమనిషి, దాచుకోకుండా ఒప్పుకున్నాడు.

రంపం తిరిగింది. తుమ్మ దుంగ ఎక్కడా మొరాయించకుండా తెగింది. చెయ్యి వేసి చూస్తే చెక్క నున్నగా, వెచ్చగా ఉంది. అన్నం వేళకు ఇంజను ఆపారు. ఒక్కరూ మిగలకుండా అందరూ కూర్చున్నారు. వరసలో నాకూ ఒక ఆకు వేశారు. నా కొడుకు తెలివికి పొంగిపోయాను, వాడి ఆకలికి ఏడ్చాను. ఆ రెండూ ఒక్క ముద్దతోనే మింగాను.

మీరు ఆ దారిన వెళితే బస్సులో ముందు కూర్చోండి, బొగ్గుపొయ్యి వెనక ఉంటుంది. పని ఎంత ఉన్నా, వేళకు కడుపునిండా తినండి.