తెగిన చిక్కం

సంతలో ఇనుప గొట్టానికి నైలాన్ వల బిగించిన చిక్కం చూడగానే ముత్తయ్య తాత గుర్తొచ్చాడు. అడవి పల్లె నుంచి వచ్చి, వెదురుగడకు తానే అల్లి కట్టిన చిక్కంతో మా పెరటి మామిడికాయలు కోసేవాడు. నా చిన్నప్పుడు ఒక యేడు తొలికాయ ముక్కకు ఉప్పుకారం అద్ది ఇస్తే, "ఇప్పుడొద్దు బిడ్డా" అన్నాడు. మా కాయంటే అంత చులకనా అని ఉక్రోషమొచ్చి, ఆయన చిక్కాన్ని మా పెరట్లోనే ఉంచి వెళ్లాక కత్తిపీటతో దాని వల కోసేశాను.

వారానికి నవ్వుతూ వచ్చాడు. "మా పండుగైంది బిడ్డా. కొత్తకాయ దేవతకు పెట్టినం, ఇగ మేం తినొచ్చు. తే."

సిగ్గుతో చిక్కం చూపించి, "ఎలుకలు కొరికినయి తాతా" అన్నాను.

"అవ్, ఈ యేడు ఎలుకలు మస్తుగున్నయి" అంటూ కూర్చుని మళ్లీ ముడులు వేశాడు.

కత్తికి తెగిన దారమేదో, ఎలుక కొరికిన దారమేదో అల్లినవాడికి తెలియదా!