నేను ఖరాబు చేసిన ఇంటిపేరు

మొన్న మనవరాలి కాగితాలు జిరాక్స్ తీయిద్దామని బస్టాండు దగ్గరి దుకాణానికి పోతే, నాలుగు కాగితాలు తీసేలోపు కరెంటు పోయింది, వచ్చింది, మళ్ళీ పోయింది. మిషన్ దగ్గరున్న పిల్ల తలైనా ఎత్తకుండా, "కరెంటు నిమ్మటూరి అయ్యింది తాతా, కూసో" అన్నది. కూర్చున్నాను గానీ ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నిమ్మటూరి అనేది ఒక మనిషి ఇంటిపేరు, దాన్ని ఇట్లా ఊరి నోట్లో వేసింది నేను.

నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో మా వీధిలో ఏ ఇంట్లో చూసినా మగ్గం ఆడేది. ఏడో తరగతిలో లెక్కల సారుకు నా మీద, నాకు లెక్కల మీద నమ్మకం పోయి, బడి మానేసి మగ్గం గుంటలో కాళ్ళు పెట్టినవాణ్ణి. చేతులు నేత మీద ఉంటే నోరు ఊరి మీద ఉండేది. మా పక్కింట్లో వరుసకు చిన్నాయిన ఉండేవాడు, ఊరు మొత్తంలో నిమ్మటూరి అనే ఇంటిపేరు ఆ ఒక్క ఇంటికే. నేత గిట్టుబాటుగాక ఆయన మరమగ్గాల పనికి మహారాష్ట్రలోని భివండి బయలుదేరితే వీధంతా బస్టాండుదాకా పోయి సాగనంపింది, చిన్నమ్మ సకినాల డబ్బా చేతికిచ్చి కండ్లు తుడుచుకున్నది. తొమ్మిదో రోజు పొద్దున, డబ్బాలో సకినాలు ఇంకా అయిపోకముందే, ఆయన తన ఇంటి ముందర పండ్లు తోముకుంటూ కనిపించాడు.

ఏమైందని అడగాల్సింది. అడగకుండా ఆ పూటే చాయ్ హోటల్లో, "ఇగ గిట్ల పోయి గట్ల అచ్చుడును నిమ్మటూరి అయ్యుడు అనాలె" అన్నాను. చాయ్ ఒలికేదాకా నవ్వారు. వారం తిరక్కముందే ఆ మాటకు కాళ్ళొచ్చాయి. నాలుగు చినుకులు రాల్చిపోయిన వాన నిమ్మటూరి, పొద్దున అలిగి పుట్టింటికి పోయి సాయంత్రానికి తిరిగొచ్చిన కోడలు నిమ్మటూరి, అంటుకొని ఆరిన బీడీ కూడా నిమ్మటూరి. నంగునూరులో ఎవరో ముక్కూముఖం తెలియనివాడు ఆ మాట వాడితే, అది నాదేనని రొమ్ము విరుచుకొని చెప్పుకున్నాను.

చిన్నాయిన నన్నెన్నడూ ఏమీ అనలేదు, చాయ్ హోటలుకు రావడం మాత్రం మానేశాడు. కొన్నేండ్లకు బిడ్డ పెండ్లి కార్డు తెచ్చాడు. మగపెండ్లివారి ఇంటిపేరు బంగారు రంగులో పెద్దగా ఉన్నది. ఇటువైపు చిన్నాయిన పేరు ఒక్కటే, దాని ముందర ఏమీ లేదు. అచ్చేసినోడు మరిచిండేమో అన్నాను. ఆయన కార్డు మూలలకు పసుపు సరిగ్గా అంటిందా లేదా అని చూస్తూ, "మరువలే బిడ్డా. ఇంటిపేరు నేనే అద్దన్న. పిల్ల పెండ్లి గదా, నవ్వుతరు" అన్నాడు.

పెండ్లినాడు, తప్పయిందని చెప్పుకుందామని రెండుసార్లు ఆయన దగ్గరిదాకా పోయి, రెండుసార్లూ తిరిగొచ్చాను. నా మాట లెక్కన ఆ రోజు నిమ్మటూరి అయ్యింది నేనే.

ఆయనకు కొడుకులు లేరు. ఆయన పోయాక చిన్నమ్మ దౌల్తాబాద్‌లో బిడ్డ దగ్గరికి చేరింది, ఆ ఇంటి జాగలో ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం ఉన్నది.

కరెంటు వచ్చాక ఆ పిల్లతో అన్నాను: "గది ఒక మనిషి ఇంటిపేరు బిడ్డా. మంచి మనిషి. నేనే ఖరాబు చేసిన." ఆమె కాగితాలు నా చేతిలో పెట్టి, "జోకులు మంచిగేస్తవ్ తాతా" అని నవ్వింది.

వెనుకటి రోజుల్లో ఇంటిపేరు చెబితే ఇల్లు చూపించేవాళ్ళు. ఇప్పుడు ఆ పేరుకు చూపించడానికి ఇల్లు లేదు, పలకడానికి మనిషి లేడు. ఇన్నేండ్లు ఊరిని నవ్వించి నవ్వించి, నిజం చెప్పినా నవ్వే వచ్చే నోరు ఒకటి మిగుల్చుకున్నాను.