మన ఓడే కదా అన్నాడు

మా ఆడపడుచు ఉలాయుక్‌ను ఈ దీవికి తెచ్చింది ప్రభుత్వపు ఓడే. అప్పటికామె తల్లి వీపున పసిబిడ్డ. దక్షిణాన దుప్పులూ చేపలూ పుష్కలంగా దొరికే ఏటి ఒడ్డు నుంచి మా వాళ్లను ఎత్తుకొచ్చి, చలికాలమంతా పొద్దు పొడవని ఈ రాళ్లమీద దించేశారు. ఇక్కడ మనుషులుంటేనే ఈ సముద్రం తమదని నలుగురిలో చెప్పుకోగలరట. జెండా పాతాలంటే కర్ర కావాలి కదా, ఆ కర్రలం మేము. తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఉలాయుక్ మాత్రం నవ్వేసేది. "తిట్టుకుంటే తినడానికి సీలు దొరుకుతుందా వదినా?" అనేది.

మొదటి చలికాలమే ఉలాయుక్ తండ్రి, మా మామగారు ఇనువారక్ పోయాడు. పోయినవాళ్ల పేరు పుట్టినబిడ్డకు పెడితే వాళ్లు తిరిగొచ్చినట్టేనని మా నమ్మకం. అందుకే ఉలాయుక్ తన కొడుక్కి ఆ పేరే పెట్టుకుని ‘నాన్నా’ అని పిలిచేది. వాడు తల్లిని ‘అమ్మడూ’ అనేవాడు. మీసాలొచ్చిన మగాడు తల్లిని పట్టుకుని "అమ్మడూ, టీ పెట్టవే" అంటుంటే మేం పడీపడీ నవ్వేవాళ్లం.

పోయిన వసంతంలో వాడు గడ్డకట్టిన జలసంధి మీదుగా కుక్కలబండి కట్టుకుని అవతలి దీవికి వేటకు వెళ్లాడు. అదే సమయానికి పరాయి దేశపు ఓడొకటి, ఇది అందరి దారి, ఎవరినీ అడిగే పనిలేదంటూ మంచు చీల్చుకుని పోయింది. చలి ఇంకా బాగానే ఉంది. కోసిన చోట మళ్లీ గడ్డకడుతుందని వాడు అవతలే ఆగాడు.

"అమ్మడూ, ఈటెతో పొడిచి చూశా, గట్టిపడింది. వచ్చేస్తున్నా" అన్నాడు రేడియోలో. ఆ కోత దాటేశాడు కూడా. కాసేపటికి మళ్లీ పలికాడు.

"ఇంకో ఓడొస్తోంది."

"ఎవరిది నాన్నా? వెనక్కి పరిగెత్తు!"

"మన ఓడే కదా. జెండా కనబడుతోంది. చెయ్యూపుతున్నా, ఆగుతుందిలే."

ఆగలేదు. పరాయి ఓడను వెంబడించే తొందరలో వాణ్ణి చూడనే లేదు. వాడి ముందునుంచే కొత్తగా కోసుకుంటూ పోయింది. ఆ అదురుకు పాత కోత కూడా విచ్చుకుని, రెండు కోతల మధ్య మిగిలిన మంచుముక్క వాడితో సహా గాలికి కదిలింది.

ఉలాయుక్ మా దీవిలో ఉండే ప్రభుత్వ ఆఫీసరు కాళ్లు పట్టుకుంది. "ఓడను తిప్పించండి బాబూ!"

"ఇప్పుడు వెనక్కి తిరిగితే ఈ నీళ్లు మనవి కావని ఒప్పుకున్నట్టేనమ్మా. విమానం పంపిస్తాం" అన్నాడాయన.

విమానం వచ్చేలోపు పొగమంచు కమ్మేసింది. రేడియో ఇంకా పలుకుతోంది.

"అమ్మడూ, ముక్క విరుగుతోంది. కుక్కల పట్టీలు కోసేశా. అవన్నా ఈదుకుని పోతాయి."

"నువ్వూ ఈదు నాన్నా!"

"నాకు ఈతెక్కడొచ్చే, పిచ్చిదానా!"

తర్వాత గరగరమనే చప్పుడే. ఉలాయుక్ ఆ రేడియోను పట్టుకుని ఏడ్చిన ఏడుపు పగవాళ్లకు కూడా వద్దు.

ఈమధ్యే మా కోడలికి మగపిల్లాడు పుట్టాడు. వాడికి ఇనువారక్ పేరు ఇమ్మని అడగడానికి ఉలాయుక్ దగ్గరికి వెళ్లాను.

"ఇవ్వను వదినా" అంది ఉలాయుక్.

"అదేంటే! పేరు నిలవకపోతే మీ నాన్న ఇక రాడు. నీ కొడుకూ రాడు."

"రావొద్దనే. ఎన్నిసార్లొచ్చినా ఈ జెండా కిందికే కదా వాళ్లు రావడం" అంది.